ఆరు నెలలు అమెరికాలో, నంబరు మాత్రం ఇండియాలో: ఒక పెద్ద వయసు దంపతుల ఫోను ఏర్పాట్లపై కేస్ స్టడీ

విదేశాలకు వెళ్లే పెద్దవారికి ఫోను ఏర్పాట్లు చేసిపెట్టడం విజయవాడలోని ఒక ట్రావెల్ కార్యాలయంలో నా ఉద్యోగం. ఈ కేసు తెనాలి ప్రాంతానికి చెందిన ఒక దంపతులది. భర్త పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. ఆయనను మాస్టారు అనే పిలుస్తాను. భార్య గృహిణి. కూతురి కాన్పు కోసం వారు 2025 జూన్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకు వెళ్లి, దాదాపు ఆరు నెలలు ఉండి, డిసెంబరు మొదట్లో తిరిగి వచ్చారు. వారి అనుమతితోనే రాస్తున్నాను. వారిని గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు వదిలేశాను. మన జిల్లాల నుంచి కాన్పులకూ, మనవల పెంపకానికీ అమెరికా వెళ్లే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు కనుక, ఈ ఒక్క కేసును మొదటి నుంచి చివరి వరకు చెబితే ఉపయోగం ఉంటుందని నా నమ్మకం.

వారు అడిగింది ఒకటి, చూడవలసింది మరొకటి

మాస్టారు వస్తూనే అడిగిన ప్రశ్న, అమెరికాకు ఏ కంపెనీ రోమింగు ప్యాకు చవక అని. కూతురు అప్పటికే ఫోనులో ఒక సలహా చెప్పి ఉంది: "నాన్నా, ఇక్కడికి వచ్చాక ఇక్కడి సిమ్ వేసేస్తాం. అక్కడి సిమ్ తీసి భద్రంగా దాచుకోండి." మాట్లాడుకోవడం వరకే చూస్తే ఈ సలహాలో తప్పు లేదు. అల్లుడి ఇంట్లో వైఫై ఉంది, వాట్సాప్ ఉంది, మాటలకు లోటు రాదు. అయితే ఇప్పుడు మన దేశంలో ఒక మనిషి మొబైల్ నంబరు మాట్లాడుకోవడానికి మాత్రమే లేదు. బ్యాంకు, ఆధార్, పింఛను ఖాతా, గ్యాస్ బుకింగు, కరెంటు బిల్లు అన్నీ ఆ నంబరుకు వచ్చే ఓటీపీ మీద ఆధారపడి ఉన్నాయి. సిమ్ తీసి దాచుకున్న రోజు నుంచి ఆ మనిషి తన ఖాతాలకు తానే దూరమవుతాడు.

అందువల్ల ప్యాకుల ధరల సంగతి పక్కన పెట్టి, ఏ ఖాతా ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుందో ఒక కాగితం మీద రాయించాను. ఈ పని చేయకుండా నేను ఏ ఏర్పాటూ మొదలుపెట్టను. ఇంటిల్లిపాదికీ తెలిసినట్టే ఉంటుంది కాని, రాసే వరకు నిజంగా ఎవరికీ తెలియదు. మాస్టారి పింఛను జమయ్యే ఖాతాకు ఆయన నంబరు కాకుండా భార్య నంబరు జతై ఉందని ఆ కాగితం మీదే బయటపడింది. ఎప్పుడో ఆయన ఫోను పాడైనప్పుడు తాత్కాలికంగా ఇచ్చిన నంబరు అలాగే ఉండిపోయింది. భార్య ఆధార్‌కు జతైనది, చాలా కాలం క్రితం ఆగిపోయిన మరో నంబరు. ఇవి సరిచేయడానికి బ్యాంకు శాఖకూ, ఆధార్ కేంద్రానికీ స్వయంగా వెళ్లవలసి వచ్చింది. ప్రయాణానికి నెల రోజుల ముందు వచ్చారు కాబట్టి ఇది వీలైంది. టికెట్టు చేతికొచ్చాక చివరి వారంలో వచ్చేవారికి ఈ అవకాశం ఉండదు.

సరిచేసిన తర్వాత డబ్బుకు సంబంధించినవన్నీ మాస్టారి ఒక్క నంబరు మీదికి వచ్చాయి. భార్య నంబరుకు వాట్సాప్, ఆమె ఆధార్ మిగిలాయి. ఇక మా ఏర్పాటు అంతటికీ లక్ష్యం ఒకటే: ఆరు నెలలూ మాస్టారి నంబరు ఆగిపోకూడదు, దానికి వచ్చే ఓటీపీ ఆయన చేతిలో ఉన్న ఫోనుకే అందాలి. మిగతా నిర్ణయాలన్నీ దీని వెనుకే నడిచాయి.

తొంభై రోజుల నిబంధన

ప్రీపెయిడ్ సిమ్ వాడకపోతే ఏమవుతుందన్న దానిపై టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లో తెచ్చిన నిబంధన ఉంది. 90 రోజుల లోపు వాడకం లేదన్న కారణంతో కనెక్షన్ తీసేయకూడదు. 90 రోజులు దాటినా ఖాతాలో 20 రూపాయలు గాని అంతకంటే ఎక్కువ గాని బ్యాలెన్సు ఉంటే, ఆపరేటరు 20 రూపాయలు తీసుకుని మరో 30 రోజులు కొనసాగించాలి. బ్యాలెన్సు లేక ఆగిపోయిన నంబరును తిరిగి తెచ్చుకోవడానికి 15 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువు కూడా దాటితే నంబరు పోయినట్టే, కొంత కాలానికి అది మరొకరికి వెళుతుంది. మరొకరి చేతికి వెళ్లిన నంబరుతో మన బ్యాంకు ఖాతా జతై ఉండడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. అటువంటి నంబర్లను యూపీఐ నుంచి తీసేయాలని 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకులకూ చెల్లింపు యాప్‌లకూ నియమం వచ్చిందీ అందుకే.

ఇందులో చాలామందికి తెలియని మెలికలు రెండు ఉన్నాయి. కాల్ చేసినా, అందుకున్నా, మనం ఎస్సెమ్మెస్ పంపినా, డేటా వాడినా అది వాడకం కిందికి వస్తుంది. మనకు వచ్చే ఎస్సెమ్మెస్ మాత్రం రాదు. అంటే సిమ్ ఫోనులోనే ఉండి, ఓటీపీలు రోజూ వస్తూ ఉన్నా, లెక్క ప్రకారం ఆ సిమ్ వాడనట్టే. రెండవది బ్యాలెన్సు. అన్‌లిమిటెడ్ ప్యాకు వేయించుకున్న వారి అసలు బ్యాలెన్సు సాధారణంగా సున్నాకు దగ్గరగా ఉంటుంది. ప్యాకుకు కట్టిన డబ్బు బ్యాలెన్సు కాదు. మాస్టారి ఖాతాలో అప్పుడున్నది నాలుగు రూపాయలు.

ప్యాకు వ్యాలిడిటీ ముగిసిన తర్వాత వచ్చే ఎస్సెమ్మెస్‌లు కూడా ఆగిపోతాయి కాబట్టి మాస్టారి నంబరుకు ఏడాది వ్యాలిడిటీ ఉన్న ప్యాకు వేయించాను. దానికి అదనంగా టాక్‌టైమ్ టాపప్ చేయించాను. నెలకొకసారి, తేదీ గుర్తుండేలా పింఛను పడిన రోజున, ఇండియా సిమ్ నుంచి తెనాలిలోని తమ్ముడికి ఒక ఎస్సెమ్మెస్ పంపాలని రాసి ఇచ్చాను. రోమింగులో పంపే ఎస్సెమ్మెస్‌కు రుసుము పడుతుంది, అయినా ఆ ఖర్చు పెట్టవలసిందే. భార్య నంబరుకు నెలవారీ ప్యాకే ఉంచి, గడువు తేదీలు మాస్టారి తమ్ముడికి ఇచ్చాము. రీచార్జి ఎవరైనా చేయవచ్చు. ఊళ్లో షాపుకు వెళ్లి నంబరు చెబితే చాలు.

నంబరును పోస్ట్‌పెయిడ్‌కు మారిస్తే ఈ బాధలు ఉండవని కొందరు చెబుతారు. పెద్దవారి విషయంలో నేను దానికి మొగ్గు చూపను. పొరపాటున డేటా రోమింగు తెరుచుకుంటే ప్రీపెయిడ్‌లో ఉన్న బ్యాలెన్సు వరకే నష్టం జరుగుతుంది. పోస్ట్‌పెయిడ్‌లో బిల్లు ఎక్కడ ఆగుతుందో నెలాఖరు వరకు తెలియకపోవచ్చు.

రెండు ఫోన్లు, రెండు రకాల చిక్కులు

మాస్టారి దగ్గర ఇండియాలో కొన్న శాంసంగ్ ఫోను ఉంది, రెండు మామూలు సిమ్‌లు పడతాయి. భార్యకు అల్లుడు అమెరికా నుంచి ఐఫోన్ 14 పంపించాడు. ఆమెకు కొత్త ఫోను అలవాటు చేయించమని మమ్మల్ని అడిగారు. సిమ్ మార్చబోతే ఆ ఫోనుకు సిమ్ పెట్టే చోటే లేదు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లలో సిమ్ ట్రే ఉండదు, అన్నీ ఫోనులోనే ఇమిడి ఉండే, చేతితో తీయలేని ఈ-సిమ్‌లే. పిల్లలు ప్రేమగా పంపిన ఫోనులో తల్లి నంబరు ఎక్కని ఈ పరిస్థితి నేను తరచుగా చూస్తున్నాను.

ఆమె నంబరును ఈ-సిమ్‌గా మార్పించాము. ఇది ఇండియాలో ఉండగానే, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే చేయాలి. మార్పు అభ్యర్థన పాత సిమ్ నుంచే వెళ్లాలి, దాన్ని ధ్రువీకరించే సందేశమో కాలో ఆ సిమ్‌కే వస్తుంది. సిమ్ మార్చిన తర్వాత 24 గంటల పాటు ఆ నంబరుకు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. సిమ్ మార్పిడి మోసాలను అడ్డుకోవడానికి టెలికాం శాఖ 2022లో పెట్టిన నియమం అది. విమానం ఎక్కే రోజున ఈ-సిమ్‌కు మారినవారు ఆ ఒక్క రోజంతా ఓటీపీ లేకుండా ప్రయాణం చేయవలసి వస్తుంది.

ఇక్కడే నేను పట్టుబట్టిన విషయం ఒకటి ఉంది. మాస్టారి నంబరును కూడా ఈ-సిమ్‌గా మార్చి, ఆయనకూ ఒక ఐఫోన్ ఇస్తే బాగుంటుందని అల్లుడి అభిప్రాయం. నేను వద్దన్నాను. మామూలు సిమ్ ఉన్న ఫోను పగిలితే ఆ సిమ్ తీసి ఇంట్లో ఉన్న మరో ఫోనులో వేసుకోవచ్చు. ఈ-సిమ్ ఉన్న ఫోను పగిలితే దాన్ని మరో ఫోనుకు తెచ్చుకోవడానికి మళ్లీ ఓటీపీ, ధ్రువీకరణ కావాలి, అవి వచ్చేదేమో పగిలిన ఫోనుకు. బ్యాంకు నంబరు చేతితో తీసి మార్చుకోగలిగే సిమ్ మీద ఉండాలన్నది విదేశాలకు వెళ్లే పెద్దవారి విషయంలో నేను సడలించని నియమం. కాలక్షేపానికి ఎంత కొత్త ఫోనైనా పరవాలేదు.

శాంసంగ్ ఫోను అమెరికాలో ఎంతవరకు పనిచేస్తుందో కూడా ముందే చూడవలసి వచ్చింది. అక్కడి పెద్ద కంపెనీలు 2022లో తమ 3జీ నెట్‌వర్కులను మూసేశాయి. కాబట్టి ఫోనులో మాట వినిపించాలంటే దాదాపుగా 4జీ మీదే, అంటే వోల్టీ ద్వారానే వినిపించాలి. ఇండియాలో అమ్మిన ఫోను మోడల్‌కు ఫలానా అమెరికా కంపెనీ వోల్టీ అనుమతి ఇచ్చిందా లేదా అన్నది వేరే సంగతి. ఇవ్వకపోతే ఇంటర్నెట్ చక్కగా వస్తుంది, కాల్ మాత్రం వెళ్లదు. బ్యాండ్ల, అంటే సిగ్నలు నడిచే పౌనఃపున్యాల, తేడా కూడా ఉంది. మనకు ఎక్కువగా వాడుకలో ఉన్న 3, 40 వంటి 4జీ బ్యాండ్లు అక్కడ కంపెనీలు వాడవు. అక్కడ 2, 12, 13, 66, 71 వంటివి ముఖ్యం. ఫోనులో స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే వచ్చే, ఒక్కో ఫోనుకు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య అయిన ఐఎమ్ఈఐ నంబరును కూతురికి పంపి, అక్కడి కంపెనీ వెబ్‌సైటులో సరిచూడమన్నాను. పనిచేస్తుందనే జవాబు వచ్చింది. ఆ జవాబు సగమే నిజమని తర్వాత తేలింది.

రోమింగు తెరిచి, డేటా మూసి

ఇండియా సిమ్‌కు అంతర్జాతీయ రోమింగు సదుపాయం తెరిపించాము, ప్యాకు మాత్రం కొనలేదు. ప్యాకు లేకుండానే రోమింగు సదుపాయం తెరిచి ఉంచే వీలు ఆపరేటరును బట్టి మారుతుంది. మాస్టారి ఆపరేటరు దగ్గర అది కుదిరింది, వచ్చే ఎస్సెమ్మెస్‌కు రుసుమూ లేదు. ఇది ఎలా సాధ్యమని మాస్టారు పాఠం అడిగినంత శ్రద్ధగా అడిగారు, నేనూ వివరంగానే చెప్పాను. ఫోను డాలస్‌లో ఒక టవరుకు తగలగానే అక్కడి నెట్‌వర్కు ఇండియాలోని సొంత నెట్‌వర్కుకు ఈ నంబరు ఇక్కడ ఉందని కబురు పంపుతుంది. బ్యాంకు పంపిన ఓటీపీ ఇండియాలోని ఎస్సెమ్మెస్ కేంద్రానికి చేరి, ఆ కబురును బట్టి డాలస్‌కు వెళుతుంది. అది నడిచేది నెట్‌వర్కులు తమలో తాము మాట్లాడుకునే సిగ్నలింగ్ దారిలో. దానికి డేటా అక్కరలేదు. వోల్టీ కుదరక కాల్ వెళ్లని ఫోనుకు కూడా ఎస్సెమ్మెస్ అందవచ్చు. అందుకే డేటా రోమింగు పూర్తిగా ఆపేసి, సిమ్‌ను మాత్రం ఎప్పుడూ ఆపకుండా ఉంచాలి.

ఒక సిమ్ మీద డేటా బలహీనంగా ఉన్నప్పుడు రెండో సిమ్‌కు దానంతటదే మారే సౌకర్యం ఈ మధ్య ఫోన్లలో ఉంటోంది. ఇండియాలో అది సుఖమే, విదేశంలో అది ఇండియా సిమ్ బ్యాలెన్సును తినేస్తుంది. రెండు ఫోన్లలోనూ దాన్ని ఆపేశాను. ఐఫోన్‌లో ఆపిల్ సొంత సందేశాల సౌకర్యమైన ఐమెసేజ్‌ను ఇండియా నంబరుతో తెరిస్తే అది మనకు చెప్పకుండానే ఒక అంతర్జాతీయ ఎస్సెమ్మెస్ పంపుతుంది, రోమింగులో దానికి డబ్బు పడుతుంది. భార్య ఫోనులో ఆ పనిని ఇక్కడ ఉండగానే ముగించాము.

మాస్టారికి వచ్చే కాల్స్ సంగతి మిగిలింది. రోమింగులో వచ్చిన కాల్ ఎత్తితే నిమిషానికి ఇంత అని రుసుము పడుతుంది. పైగా ఇక్కడ మధ్యాహ్నం రెండు గంటలకు ఎవరో లోను కావాలా అని చేస్తే, అక్కడ వేసవి కాలమానం ప్రకారం తెల్లవారుజామున మూడున్నర. కాల్స్ అన్నింటినీ తెనాలిలోని తమ్ముడి నంబరుకు మళ్లించాము. కాల్ మళ్లింపు మాటలకే వర్తిస్తుంది, ఎస్సెమ్మెస్‌లు మాస్టారి ఫోనుకే వస్తాయి. ఈ విడదీతే మా ఏర్పాటుకు వెన్నెముక. కోడ్ నొక్కి కాల్స్ మళ్లించే పాత పద్ధతిని 2024 ఏప్రిల్ 15 నుంచి టెలికాం శాఖ ఆపించింది కాబట్టి కస్టమర్ కేర్ ద్వారా చేయించాము. ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. వాట్సాప్ వంటివి ధ్రువీకరణ కోడ్‌ను కాల్ చేసి కూడా చెబుతాయి. ఆ కాల్ కూడా మళ్లించిన నంబరుకే వెళుతుంది. కనుక మళ్లించే నంబరు సొంత మనిషిది, బాధ్యత తెలిసిన మనిషిది అయి ఉండాలి.

బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్ విషయంలో చెప్పింది ఒక్కటే: తీసేయవద్దు, లాగవుట్ కావద్దు, ఫోను మార్చవద్దు. అవి మళ్లీ మొదలుకావాలంటే ఆ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ బయటకు వెళ్లాలి, విదేశంలో అది ఒక్కోసారి వెళ్లదు. బ్యాంకులో ఈమెయిల్ కూడా నమోదు చేయించాము. స్టేట్ బ్యాంకు వంటి చోట్ల ఎస్సెమ్మెస్ అవసరం లేకుండా యాప్‌లోనే ఓటీపీ తయారు చేసే ‘సెక్యూర్ ఓటీపీ’ వంటి ఏర్పాటు ఉంది. మాస్టారి బ్యాంకులో ఉన్న అటువంటిదాన్ని బయలుదేరక ముందే తెరిపించాము. 1800తో మొదలయ్యే ఉచిత నంబర్లు విదేశం నుంచి సాధారణంగా కలవవు కాబట్టి, బ్యాంకు విదేశాల్లో ఉన్నవారి కోసం ఇచ్చే ప్లస్ 91తో మొదలయ్యే నంబరును కాగితం మీద రాసి పాస్‌పోర్టు కవరులో పెట్టించాను.

ప్రయాణం

హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా డాలస్. దుబాయ్ విమానాశ్రయంలో వైఫై ఉచితంగా దొరుకుతుంది, కాని యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు. సందేశాలు, రికార్డు చేసిన మాటలు, ఫొటోలు వెళతాయి. ఇది ముందే తెలియని పెద్దవారు ఫోను పాడైందనుకుని కంగారు పడి సెట్టింగులన్నీ మార్చేస్తారు. అందుకని దుబాయ్‌లో కాల్ ప్రయత్నించవద్దని, చేరామని ఒక మాట రికార్డు చేసి పంపమని చెప్పాను. విమానం ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ తప్పనిసరి అన్నాను. కొన్ని విమానాల్లో సొంత మొబైల్ నెట్‌వర్కు ఉంటుంది, దానికి ఫోను తగులుకుంటే ధరలు చాలా ఎక్కువ.

డాలస్‌లో ఇమిగ్రేషన్ వరుసలో ఫోను వాడనివ్వరు. కూతురి చిరునామా, నంబరు, అల్లుడి నంబరు, బీమా కంపెనీ నంబరు ఇంగ్లీషులో రాసిన కాగితం ఇద్దరి దగ్గరా విడివిడిగా పెట్టించాను. ఈ కాగితాన్ని పాతకాలపు పద్ధతి అని పిల్లలు తీసిపారేస్తారు. వీల్‌చైర్ సహాయకుడు అమ్మను ఒకవైపు, నాన్నను మరోవైపు తీసుకెళ్లిన సందర్భాల్లో ఆ కాగితం విలువ తెలుస్తుంది.

ఫ్రిస్కోలో మొదటి రోజులు

అమెరికా నంబరు కోసం ట్రావెల్ ఈ-సిమ్ యాప్‌లు సరిపోవా అని అల్లుడు అడిగాడు. రెండు వారాల యాత్రకు అవి బాగానే ఉంటాయి. అవి ఎక్కువగా డేటా మాత్రమే ఇస్తాయి, నంబరు ఇవ్వవు. ఆరు నెలలు ఉండేవారికి తిరిగి కాల్ చేయగల స్థానిక నంబరు కావాలి. ఆసుపత్రి, మందుల దుకాణం, గుడి కార్యాలయం అన్నీ అదే అడుగుతాయి. ప్రీపెయిడ్ లైనుకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు అవసరం లేదు కాబట్టి ఇద్దరికీ ఒక్కో ప్రీపెయిడ్ లైను తీసుకున్నారు.

భార్య ఐఫోన్‌లో ఇండియా, అమెరికా ఈ-సిమ్‌లు రెండూ ఒకేసారి పనిచేశాయి. మాస్టారి శాంసంగ్‌లో వాట్సాప్, మ్యాపులు వచ్చాయి, కాల్ నొక్కితే వెంటనే తెగిపోయేది. ఐఎమ్ఈఐ సరిచూసినప్పుడు వచ్చిన జవాబు డేటాకు మాత్రమే నిజం. ఆ మోడల్‌కు ఆ కంపెనీ వోల్టీ అనుమతి లేదు. ఇంట్లో అందరూ వాట్సాప్‌లోనే మాట్లాడుకుంటారు కదా, వదిలేద్దామని ఒక మాట వచ్చింది. నేను ఒప్పుకోలేదు. మాస్టారు రోజూ సాయంత్రం ఒంటరిగా పార్కుకు నడిచి వెళతారు. అక్కడ ఏదైనా జరిగితే అత్యవసర సేవల నంబరైన 911కు వెళ్లేది వాట్సాప్ కాల్ కాదు. అమెరికాలో సిమ్ చెల్లుబాటులో లేకపోయినా 911 కాల్‌ను నెట్‌వర్కులు కలపాలన్న నియమం ఉంది, అయితే ఆ ఫోనుకు అక్కడి నెట్‌వర్కు మీద మాట మాట్లాడే సామర్థ్యం ఉంటేనే ఆ నియమం ఆదుకుంటుంది. పరీక్షించడానికి 911 నొక్కి చూడకూడదు, కూతురి నంబరుకు మామూలు కాల్ చేసి చూడడమే పరీక్ష. మరో నెట్‌వర్కు మీద నడిచే ప్రీపెయిడ్ సిమ్ తెచ్చి వేశారు. వోల్టీ గుర్తు వెలిగింది, కాల్ కలిసింది. పాత లైనుకు కట్టిన నెల డబ్బు పోయింది.

దుగ్గిరాలలో ఉన్న తల్లి

మాస్టారి తల్లికి ఎనభై దాటింది. దుగ్గిరాలలో ఉంటారు, చేతిలో బటన్ ఫోను. ఈమె విషయం ఎవరూ ఏర్పాట్లలో చేర్చలేదు. కొడుకు గొంతు వినడానికి ఆమెకు వాట్సాప్ లేదు, అమెరికాకు ఐఎస్‌డీ చేయడం ఆమెకు కుదిరే పని కాదు. కొడుకు ఇండియా నంబరుకు చేస్తే అది రెండో కొడుకుకు వెళుతుంది.

కూతురి లైనులో ఇండియాకు కాల్స్ కలిసిన ప్యాకు ఉంది. దాని నుంచి మాస్టారు రోజూ ఉదయం, అంటే దుగ్గిరాలలో రాత్రి భోజనాల వేళకు, చేసేలా అనుకున్నాము. మొదటి వారం తల్లి ఫోను ఎత్తలేదు. విదేశీ నంబర్ల నుంచి వచ్చేవి మోసం కాల్స్, ఎత్తకూడదని టీవీలో, ఇంట్లో అందరూ చెప్పి ఉన్నారు; ఆమె ఆ మాట నిష్ఠగా పాటిస్తున్నారు. ఆమె చేసింది సరైన పనే. ఆ అలవాటు చెడగొట్టకుండా, ఆ ఒక్క నంబరును పేరుతో సేవ్ చేయించి, దానికి వేరే రింగుటోను పెట్టించి, ఆ పాట వస్తేనే ఎత్తమని చెప్పించాము. ఆ తర్వాత ఒక్క రోజు తప్పలేదు. ఇంటర్నెట్‌లో దొరికే పాత సలహాలు చదివి స్కైప్ పెట్టుకోవాలని మాస్టారు మొదట అనుకున్నారు. స్కైప్ 2025 మే నెలలోనే మూతపడింది.

నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి, డాలస్‌కూ మనకూ తేడా పదిన్నర గంటల నుంచి పదకొండున్నరకు పెరుగుతుంది. ఆ రోజు నుంచి కాల్ ఒక గంట ఆలస్యంగా వస్తుందని తల్లికి ముందే చెప్పాలని గుర్తు చేశాను. అక్కడ గంట ఆలస్యం చిన్న విషయం, ఇక్కడ ఫోను పక్కన కూర్చున్న మనిషికి కాదు.

ఓటీపీ ఆగిన రోజులు

సెప్టెంబరులో కుటుంబమంతా నయాగరా చూడడానికి వెళ్లారు. జలపాతం అమెరికా వైపు నిలబడినా ఫోను కెనడా టవరుకు తగులుకోవడం అక్కడ మామూలే. కెనడా రోమింగు భయంతో అల్లుడు మాస్టారి ఫోనులో ఇండియా సిమ్‌ను సెట్టింగులలో ఆపేశాడు. డేటా రోమింగు అప్పటికే మూసి ఉంది కాబట్టి ఆ అవసరం లేదు, అయినా జాగ్రత్త కోసమే చేశాడు. ఫ్రిస్కో తిరిగి వచ్చాక తెరవడం ఎవరికీ గుర్తు లేదు. వాట్సాప్ వస్తూనే ఉంది, అమెరికా లైను పనిచేస్తూనే ఉంది, తేడా కనబడలేదు.

అక్టోబరులో ఫిక్సెడ్ డిపాజిట్ పునరుద్ధరణ కోసం మాస్టారు లాగిన్ కాబోతే ఓటీపీ రాలేదు. మళ్లీ మళ్లీ ప్రయత్నించడంతో ఆ రోజుకు ఖాతా తాత్కాలికంగా నిలిచిపోయింది. రాత్రివేళ నాకు ఫోను చేశారు. ఇటువంటప్పుడు బ్యాంకును గాని ఆపరేటరును గాని అనుమానించే ముందు నేను అడిగేది స్క్రీను పైభాగం గురించి.

"మాస్టారూ, పైన సిగ్నలు గీతలు ఎన్ని వరుసలు కనబడుతున్నాయండీ?"

"ఒక్క వరుసే ఉందయ్యా."

రెండు సిమ్‌లు పనిచేస్తుంటే రెండు వరుసలు ఉండాలి. సిమ్ తెరిపించాక కొద్ది నిమిషాల్లో ఎస్సెమ్మెస్‌లు రావడం మొదలైంది, కాని పాతవి అన్నీ రాలేదు. ఫోను అందుబాటులో లేనప్పుడు ఎస్సెమ్మెస్ కేంద్రం సందేశాన్ని కొంత కాలమే దాచి, ఆ తర్వాత వదిలేస్తుంది. అలా పోయిన వాటిలో ఖాతాకు కేవైసీ నవీకరించాలన్న బ్యాంకు సందేశం ఒకటి ఉంది. ఈమెయిల్ నమోదు చేయించి ఉండడం వల్ల అదే సమాచారం అందులో దొరికింది, గడువు లోపల ఆ పని పూర్తయింది. డిపాజిట్ మర్నాడు యాప్‌లోని ఓటీపీతోనే పునరుద్ధరించారు.

సెప్టెంబరులో పంపవలసిన నెలవారీ ఎస్సెమ్మెస్ కూడా ఆ మధ్యలో తప్పింది. ఆగస్టులో పంపినది ఉంది, బ్యాలెన్సు 20 రూపాయలకు పైనే ఉంది. రెండు జాగ్రత్తలూ ఉండడంతో నంబరుకు ఏ ప్రమాదమూ రాలేదు. ఈ సంఘటన తర్వాత నా రాతపూర్వక సూచనల్లో ఒక వాక్యం చేర్చాను: ప్రతి ఆదివారం ఫోను పైభాగంలో రెండు వరుసలు ఉన్నాయో లేదో చూసి ఫొటో తీసి కుటుంబ గ్రూపులో పెట్టాలి. చదువుకున్నవారికి ఇది మరీ చిన్నపిల్లల పనిలా అనిపించవచ్చు. పెద్దవారికి సెట్టింగులు నేర్పడం కంటే, చూడవలసిన గుర్తు ఒకటి చూపించడం మేలని నా అనుభవం.

నవంబరు చివరిలో టెలికాం శాఖ మరో ఆదేశం ఇచ్చింది. వాట్సాప్ వంటి యాప్‌లు, ఏ నంబరుతో నమోదయ్యాయో ఆ సిమ్ ఫోనులో ఉంటేనే పనిచేసేలా చేయాలని, అందుకు 90 రోజుల గడువు ఇస్తున్నామని దాని సారాంశం. ఇండియా సిమ్ తీసి దాచుకుని వాట్సాప్ మాత్రం వాడుకుంటూ ఉండే అలవాటుకు ఇది నేరుగా తగులుతుంది. ఈ దంపతుల ఏర్పాటులో సిమ్ మొదటి నుంచీ ఫోనులోనే ఉంది కాబట్టి వారు మార్చుకోవలసింది ఏమీ కనబడలేదు.

తిరిగి వచ్చాక

తిరుగు ప్రయాణం తర్వాతి పనులను దాదాపు అందరూ వదిలేస్తారు, నేను మాత్రం వాటిని కూడా కేసులో భాగంగానే చూస్తాను. అమెరికా లైను ఆపేస్తే ఆ నంబరు కొన్ని వారాల విరామం తర్వాత మరొకరికి వెళుతుంది. ఆసుపత్రి పోర్టల్‌లో, గూగుల్ ఖాతాలో రికవరీ నంబరుగా ఇచ్చిన అమెరికా నంబర్లను ముందుగా తీసేయించి, తర్వాతే లైన్లు ఆపమన్నాను. భార్య ఐఫోన్‌లోని అమెరికా ఈ-సిమ్‌ను మాత్రమే తీసేయాలి. పొరపాటున ఇండియాది తీసేస్తే మళ్లీ స్టోరుకు తిరగాలి కనుక రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టించి ఉంచాను.

మాస్టారి నంబరుకు కాల్ మళ్లింపు తీసేయించడానికి వారం పట్టింది. ఇండియాకు వచ్చిన వారంలో అన్ని కాల్స్ ఇంకా తమ్ముడికే వెళుతున్నాయని తెలిసేసరికి, పలకరించడానికి చేసిన బంధువుల్లో కొందరు ఆయన ఇంకా అమెరికాలోనే ఉన్నారనుకున్నారు. ఇప్పుడు నా సూచనల కాగితంలో తిరుగు టికెట్టు తేదీ కిందే ఈ పని రాసి ఉంటుంది. రోమింగు సదుపాయం మూసి, డేటా మళ్లీ ఇండియా సిమ్‌కు మార్చి, ఓటీపీలు ఏ ఫోనుకు వస్తాయో రాసిన కాగితాన్ని కొత్త తేదీతో తిరగరాసి మాస్టారికి ఒక ప్రతి, కూతురికి ఒక ప్రతి ఇచ్చాము.